కష్టాల గుడారంలో వెలిగిన నవ్వుల దీపం

జమ్మలమడుగుకు అనతిదూరంలో, ఎర్రమల కొండలను నిలువునా చీల్చుకొని పెన్నానది పారేచోట, గండికోట ఉన్నది. ఒకప్పుడు అక్కడికి పోయినవారు కోటగోడలను, మాధవరాయస్వామి గుడిని, జుమ్మామసీదును, పాతకాలపు ధాన్యాగారాన్ని చూచి, లోయ అంచున కొంతసేపు కూర్చుండి, పొద్దు వాలకముందే ఇంటిదారి పట్టేవారు. ఇప్పుడట్లు కాదు. సెలవుదినాలలో సాయంకాలమయ్యేసరికి కోట సమీపాన రంగురంగుల గుడారాలు పుట్టగొడుగులవలె వెలుస్తున్నవి. దూరపు నగరాలనుండి యువతీయువకులు వచ్చి, రాత్రి అక్కడ గడిపి, లోయమీద సూర్యోదయం చూచి పోతున్నారు. వారు వచ్చేసరికి గుడారం సిద్ధంగా ఉంటుంది. పరుపు సిద్ధంగా ఉంటుంది. వేళకు భోజనం వస్తుంది.

ఇట్టి యాత్ర చేసి వచ్చినవానిని “ఎట్లున్నది?” అని అడిగితే “బాగున్నది” అంటాడు. అంతటితో కథ ముగుస్తుంది. కాని వారిలో ఒకని గుడారం నడిరేయి వీచిన గాలికి మేకులతోసహా లేచిపోయి, వాడు చిరిగిన దుప్పటి కప్పుకొని బండరాతి చాటున తెల్లవార్లూ పండ్లు కొరుకుతూ కూర్చున్నాడనుకుందాం. ఆ రాత్రి వాడు నవ్వి ఉండడు. గుడారం కనిపెట్టినవానిని, తన్ను అక్కడికి పిలుచుకొని వచ్చిన స్నేహితుని, చివరకు తన జాతకాన్నికూడా తిట్టుకొని ఉంటాడు. అయినా ఊరు చేరిన మూడవనాటినుండి పదేండ్లపాటు వాడు చెప్పేది ఆ కథే. చెప్పిన ప్రతిసారీ గాలి కొంత పెరుగుతుంది, బండ కొంత చల్లబడుతుంది, వినేవారు నవ్వుతారు, చెప్పేవాడు వారికంటె ఎక్కువగా నవ్వుతాడు.

సుఖానికి లేని కథ కష్టానికి ఎక్కడినుండి వచ్చినది? ఏడిపించిన రాత్రి నవ్వుగా ఎట్లు మారినది? ఈ ప్రశ్నను పట్టుకొని ఒక జీవితకాలం వ్రాసిన రచయిత అమెరికాలో ఉండేవాడు. పేరు పాట్రిక్ మెక్‌మానస్. అడవులలో, కొండలలో, వాగుల ఒడ్డున గుడారాలు వేసుకొని గడిపిన రాత్రులే ఆయన రచనలకు ముడిసరుకు. ఆ రాత్రులలో తాను పడిన పాట్లే ఆయన హాస్యం. సాహసయాత్రలను వర్ణించిన రచయితలు లోకంలో పెక్కుమంది ఉన్నారు. వారిలో అధికులు తాము పులిని గెలిచిన కథ చెప్పినారు. మెక్‌మానస్ మాత్రం వానకు ఓడిన కథ, చీకటికి ఓడిన కథ, తడిసిన కట్టెలకు ఓడిన కథ చెప్పినాడు. లోకం ఆయనను ప్రేమించినది అందుకే.

మనకు కొత్త కాదు

పులివెందుల ప్రాంతపు వారికి ఆరుబయట రాత్రి గడపడం వింతేమీ కాదు. ఆ ఊరి పేరే ‘పులిమందల’ అనే మాటనుండి వచ్చినదని పెద్దలు చెబుతారు. పేరులోనే అడవి ఉన్నది. జొన్నచేను కంకిపట్టినప్పుడు మంచెమీద పడుకొని పిట్టలను, పందులను తోలినవారు, కళ్ళంలో కుప్పకు కావలి పడుకున్నవారు, పొలంలో మంద నిలిపి గొంగడి కప్పుకొని గొర్రెల నడుమ నిద్రించినవారు ఇక్కడ ప్రతి పల్లెలోను ఉన్నారు. శ్రావణమాసపు శనివారాలకు పాపాగ్ని ఒడ్డునున్న గండి ఆంజనేయస్వామి సన్నిధికి బండ్లు కట్టుకొని పోయి, చెట్లకింద వంటచేసుకొని, ఇసుకలో పడుకొని లేచివచ్చిన కుటుంబాలు ఎన్నో. 1830లో ఏనుగుల వీరాస్వామయ్య చెన్నపట్నంనుండి కాశీకి బయలుదేరినప్పుడు పరివారంతో, డేరాలతో ఈ కడపసీమ మీదుగానే పోయినాడు. దారిలో తాను చూచినది చూచినట్లు దినచర్యగా వ్రాసిపెట్టుకున్నందువలననే ఆ యాత్ర మనకు గ్రంథమై దక్కినది.

అనగా అనుభవం మనకు తక్కువ కాలేదు. తక్కువైనది దానిని వ్రాయవచ్చుననే నమ్మకం. మంచెమీది రాత్రి కూడ సాహిత్యమౌతుందని, కట్టెలు తడిసి సంగటి ఉడకని సాయంకాలం కూడ ఒక వ్యాసమౌతుందని మన విద్యార్థికి ఎవరైనా చెప్పినారా? మెక్‌మానస్ జీవితం మనకు ఉపయోగపడేది ఇక్కడనే.

తండ్రి లేని బాలుడు

మెక్‌మానస్ 1933 ఆగస్టు 25వ తేదీన అమెరికా వాయవ్య భాగంలోని ఐడహో రాష్ట్రంలో, సాండ్‌పాయింట్ అనే చిన్న పట్టణంలో జన్మించినాడు. ఒక ప్రక్క పెద్ద సరస్సు, వెనుక సెల్కర్క్ పర్వతాలు, చుట్టూ దేవదారు జాతి వృక్షాలతో దట్టమైన అడవులు. ఆ ప్రకృతి శోభ చూడవచ్చినవారికి స్వర్గం. అక్కడ బ్రతకవలసినవారికి మాత్రం ఆ కాలం స్వర్గం కాదు. 1929లో మొదలైన ఆర్థికమాంద్యం దేశాన్ని క్రుంగదీసిన రోజులవి. పనులు లేవు, చేతిలో డబ్బు లేదు. పట్టణం వెలుపల ఒక చిన్న సేద్యపుక్షేత్రంలో ఆ కుటుంబం కాపురం.

బాలునికి ఆరేండ్ల వయసులో తండ్రి మరణించినాడు. తల్లి ఉపాధ్యాయిని. గ్రామీణ పాఠశాలలలో పాఠాలు చెప్పి ఆమె కొడుకును, కూతురును పెంచినది. పల్లెటూరి బడిపంతులు ఇంటిలో ఎంత సంపద ఉంటుందో ఈ వ్యాసం చదివే ఉపాధ్యాయులకు వేరుగా చెప్పనక్కరలేదు. ఆ ఇంటిలో పుస్తకం ఉన్నది, పొదుపు ఉన్నది, పని ఉన్నది. కొనుక్కునే బొమ్మలు లేవు. కాని ఇంటివెనుక వాగు ఉన్నది. వాగు దాటితే అడవి ఉన్నది. డబ్బు లేని పిల్లవానికి దేవుడిచ్చిన ఆటస్థలం అది.

ఆ బాలుడు పెద్దవాడై తన బాల్యాన్ని వ్రాసినప్పుడు దరిద్రాన్ని దాచలేదు; దానిమీద కన్నీరూ కార్చలేదు. పాత కంబళిని పరుపుగా, చిల్లుల గుడ్డను గుడారంగా, తుప్పుపట్టిన సైకిలును కొండలెక్కే వాహనంగా చేసుకొని అడవికి పోయే పిల్లల కథలు వ్రాసినాడు. ఆ సామగ్రి చూచి పాఠకుడు నవ్వుతాడు. నవ్విన తరువాత అతనికి తోస్తుంది: వీరికి మంచి గుడారం కొనిచ్చేవారు ఎవరూ లేరు కదా అని. మెక్‌మానస్ ఆ మాట ఎక్కడా చెప్పడు. చెప్పకుండ తెలియజేయడమే ఆయన పద్ధతి.

ఆయన కథలలో రాన్సిడ్ క్రాబ్‌ట్రీ అనే ముసలివాడు ఒకడు మాటిమాటికి కనబడతాడు. కొండలలో ఒంటిగా గుడిసె వేసుకొని ఉంటాడు. స్నానానికీ ఆయనకూ బద్ధవైరం. ఉద్యోగమనే మాట వింటే ఒళ్ళు కంపరమెత్తుతుంది. చదువు సున్న. కాని ఏ వాగులో చేప ఉన్నదో, ఏ మబ్బు కురుస్తుందో, ఏ కట్టె అంటుకుంటుందో ఆయనకు తెలుసు. ఆ సంగతులన్నీ తన మోటయాసలో పిల్లవానికి చెబుతాడు. చెప్పినవాటిలో కొన్ని పచ్చి అబద్ధాలు. ఈ వృద్ధుడు రచయిత కల్పించిన పాత్ర. కాని కల్పనకు కూడ ఒక కారణముంటుంది. ప్రతి బాలునికి అడవి చూపించే ముసలివాడొకడు ఉండి తీరాలని మెక్‌మానస్ ఒక వ్యాసంలో సరదాగా సిద్ధాంతీకరించినాడు. ఆరవయేట తండ్రిని పోగొట్టుకున్న రచయిత ఆ మాట వ్రాస్తే దానిని కేవలం సరదా అనుకోలేము. ఇంట లేని మనిషిని ఆయన కథలో పుట్టించుకున్నాడు; కన్నీటితో కాక కంపుకొట్టే చొక్కాతో, నోటినిండ కోతలతో పుట్టించుకున్నాడు. ఆయన హాస్యానికి లోతు ఇక్కడినుండి వచ్చినది.

మన పల్లెలలో ఈ రాన్సిడ్ క్రాబ్‌ట్రీలు లేరా? రచ్చబండమీద కూర్చుండి, తాను చిన్నతనంలో చిరుతపులిని చెప్పుతో అదలించిన వైనం పిల్లలకు చెప్పే తాతలు ప్రతి ఊరిలోను ఉన్నారు. వారి మాటలలో నిజమెంతో తెలియదు. రసం మాత్రం నిండుగా ఉంటుంది. వ్రాసిపెట్టుకునే మనుమడు లేక ఆ కథలు వారితోనే మట్టిలో కలిసిపోతున్నవి.

రోజుకు రెండు గంటలు

మెక్‌మానస్ కళాశాలలో చేరినప్పుడు ఆయన ధ్యేయం రచన కాదు, చిత్రలేఖనం. పత్రికల అట్టలమీద బొమ్మలు వేసి పేరు పొందిన నార్మన్ రాక్‌వెల్ వంటి చిత్రకారుడు కావలెనని ఆశ. వాషింగ్టన్ రాష్ట్ర కళాశాలలో చదువుతుండగా మనసు సాహిత్యంవైపు మళ్ళినది. ఆంగ్లసాహిత్యంలో పట్టం పుచ్చుకొని, కొంతకాలం పత్రికావిలేఖరిగా పనిచేసి, పిమ్మట స్పోకేన్ నగరం చెంతనున్న చేనీ అనే ఊరిలో కళాశాల అధ్యాపకుడైనాడు. చాల సంవత్సరాలు అక్కడనే రచన, పత్రికావ్యాసంగం బోధించినాడు. తల్లివలె తానూ పంతులే. భార్య, నలుగురు కుమార్తెలు, పంతులు జీతం. ఆ సంసారంలో రచనకు సావకాశం ఎక్కడ?

ఆయన ఒక నియమం పెట్టుకున్నాడు. ప్రతిదినం రెండు గంటలు వ్రాయాలి. ఉత్సాహమున్న రోజున రెండు గంటలు, లేని రోజునా రెండు గంటలు. మొదట ఆయన వ్రాసినవి హాస్యరచనలు కావు. విషయసేకరణ చేసి వ్రాసే గంభీరమైన వ్యాసాలు. ఒకనాడు వన్యమృగాలకు చిన్న రేడియోయంత్రాలు తగిలించి, వాటి సంచారాన్ని దూరంనుండి కనిపెట్టే శాస్త్రీయపద్ధతిని గూర్చి వ్యాసం ముగించినాడు. ముగించి చూస్తే ఆనాటి రెండు గంటలలో ఇంకా కొంత కాలం మిగిలి ఉన్నది. నియమం నియమమే కదా! ఆ మిగిలిన కాలంలో, ఇట్లే అడవిలోని ప్రతి జంతువుకు రేడియో తగిలిస్తే లోకం ఏమౌతుందో ఊహించి, ఒక వెర్రి వ్యాసం గీకి పారవేసినాడు. దానిని ‘ఫీల్డ్ అండ్ స్ట్రీమ్’ అనే వేట, విహారాల పత్రిక స్వీకరించి, పారితోషికం పంపినది. వారాల తరబడి శ్రమించి వ్రాసిన గంభీరవ్యాసం ఒకవైపు, గంటసేపు ఆడుతూ వ్రాసిన పరిహాసం ఒకవైపు. తన దారి ఏదో ఆయనకు ఆనాడు తెలిసినది.

ఈ వృత్తాంతంలో విద్యార్థులు గమనించవలసిన సూక్ష్మమొకటి ఉన్నది. ఆ హాస్యం గంటలో పుట్టినదని చెప్పుకుంటాము. కాని ఆ గంట రావడానికి ముందు ఎన్నో సంవత్సరాల రెండేసి గంటలు గడిచినవి. బావి త్రవ్వినవానికి నీరు పడేది చివరి గడ్డపార పోటుకే. అంతమాత్రాన మొదటి పోట్లు వృథా అనగలమా? పులివెందుల రైతుకు ఈ సంగతి పుస్తకం చదివి తెలుసుకోవలసిన పని లేదు.

తరువాత ఆయన ఆ పత్రికలోను, పిమ్మట ‘అవుట్‌డోర్ లైఫ్’ పత్రికలోను సంవత్సరాల తరబడి శీర్షికలు నిర్వహించినాడు. రెండవదానిలో ఆయన శీర్షిక పత్రిక చివరిపుటలో వచ్చేది. ‘చివరి నవ్వు’ అని దాని పేరుకు అర్థం. ఆ పత్రికను చివరినుండి మొదటికి చదివే అలవాటు చాలమందికి ఆ శీర్షికవలననే పట్టుకున్నదంటే ఆశ్చర్యపడనక్కరలేదు. 1978లో మొదటి సంపుటం వెలువడినది. ‘ఎ ఫైన్ అండ్ ప్లెజెంట్ మిజరీ’ అని దాని పేరు. మన మాటలలో చెప్పవలెనంటే, ‘సొంపైన, ఇంపైన యాతన’. ఆయన సాహిత్యసిద్ధాంతమంతా ఆ పేరులోనే ఇమిడి ఉన్నది.

యాతనలో సొంపు

ఆ సంపుటానికి పేరిచ్చిన వ్యాసంలో ఆయన ఫిర్యాదు చాల విచిత్రమైనది. పూర్వం అడవిలో గుడారం వేస్తే నడుము విరిగేది, చలికి బిగుసుకుపోయేవారము, అన్నంలో బూడిద పడేది. ఇప్పుడు తేలికైన గుడారాలు, మెత్తని పరుపులు, పొట్లాలలో ఎండబెట్టిన ఆహారం వచ్చినవి. యాతన పోయినది. యాతనతోబాటు ఆ విహారంలోని సారం కూడ పోయినదని ఆయన వాపోతాడు. పైకి ఇది వేళాకోళం. లోపల ఒక సత్యమున్నది. సుఖం మనిషిని ఒంటివానిని చేస్తుంది. ఎవరి పరుపు వారిది. యాతన పదిమందిని ఒక దుప్పటి కిందికి చేరుస్తుంది. ఆ దుప్పటి కిందనే కథ పుడుతుంది.

అయితే కష్టపడిన ప్రతివాడూ హాస్యరచయిత కాలేడు. కష్టం ముడిసరుకు మాత్రమే. దానిని నవ్వుగా మార్చడానికి మెక్‌మానస్ మూడు పనులు చేసినాడు.

మొదటిది, ఎగతాళి తనపైననే చేసుకోవడం. ఆయన కథలలో మూర్ఖుడు ఎప్పుడూ ఆయనే. ఇంటి పెరటిలో ఒంటిగా పడుకొని ధీరుడననిపించుకోవాలనుకున్న పిల్లవాని కథ ఒకటి వ్రాసినాడు. పగలు అడవిని జయించగల ఆ వీరునికి చీకటి పడేసరికి పెరటి చెట్లే అడవి అవుతవి; ప్రతి చప్పుడు ఒక మృగమౌతుంది. ఇక ఇంటివైపు పరుగు గూర్చి చెప్పనేల! ఆ కథ చదివి నవ్వని పాఠకుడు లేడు, ఏలననగా ఏదో ఒక రాత్రి ఆ పరుగు పెట్టని పాఠకుడు లేడు. ఆ ఇంట ఒక కుక్క ఉండేది. దారినపోయే కుక్క, నాలుగునాళ్ళుండి పోతుందిలే అని దానికి ‘కొత్తవాడు’ అనే అర్థమిచ్చే పేరు పెట్టినారు. అది పోలేదు. పేరు మాత్రం కురచబడి ‘వింతది’ అనే అర్థంలోకి దిగినది. కుక్క పేరు చెప్పడంలోనే ఇంటివారి ఆశాభంగమంతా చెప్పడం ఆయనకే చెల్లినది.

రెండవది, వెర్రికి శాస్త్రగౌరవం ఇవ్వడం. అడవిలో దారి తప్పినప్పుడు బెదరిపోరాదని నిపుణులు గ్రంథాలలో వ్రాస్తారు. మెక్‌మానస్ దానిని అంగీకరించడు. దారి తప్పినవాడు బెదరక మానడు; కనుక శాస్త్రీయంగా ఎట్లు బెదరవలెనో నేర్పాలి అంటాడు. బెదిరి తిన్నగా పరుగెత్తితే మరింత దూరం తప్పిపోతాము. అందుచేత ఉన్నచోటనే నిలిచి ఎగిరెగిరి గంతులు వేస్తూ బెదరడం ఉత్తమపద్ధతి అని ఆయన నిర్ణయం. ఇది చదివి కడుపుబ్బ నవ్వుతాము. తరువాత ఆలోచిస్తే, దారి తప్పినవాడు ఉన్నచోట ఉండడమే మేలని నిపుణులు చెప్పే హితవు అందులోనే దాగి ఉన్నదని తెలుస్తుంది. పాఠాన్ని పాఠమని తెలియకుండ చెప్పడం ఇట్లు. ఉపాధ్యాయుని కుమారుడూ, ఉపాధ్యాయుడూ అయినవాడు ఈ విద్యను ఊరకే పోనిస్తాడా?

మూడవది, అతిశయోక్తిని నిజంమీద నిలబెట్టడం. తొలిసారి వేటాడిన జింకను పిల్లవాడు సైకిలుమీద కట్టి తెస్తుంటే, చచ్చినదనుకున్న జింక కొండవాలున దిగేటప్పుడు కన్ను తెరుస్తుంది. ఇది జరిగినదా అని అడగడం వ్యర్థం. కాని ఆ సైకిలు పాతది, ఆ వాలు నిజమైనది, ఆ పిల్లవాని గర్వం నిజమైనది. పునాదిరాళ్ళు గట్టివి గనుకనే పైన మేడ ఎంత వంకరగా లేచినా కూలదు. ‘సైకిలుమీది జింక’ అనే అర్థమిచ్చే పేరుతోనే 2000లో ఆయన హాస్యరచన నేర్చుకునేవారికోసం ఒక గ్రంథం వెలువరించినాడు. జీవితమంతా నేర్చుకున్న విద్యను పంతులుగారు చివరకు పాఠంగా చెప్పినారన్నమాట.

ఒక పని చేయడానికి ముందు మరొకటి, దానికి ముందు ఇంకొకటి చేయవలసివచ్చి, చేపలు పట్టబోయినవాడు ఇంటి మరమ్మతులలో మునిగిపోయే గొలుసు ఆయనకు ప్రియమైన హాస్యవస్తువు. మనకు సన్యాసి కౌపీనం కథ తెలుసు: కౌపీనాన్ని ఎలుకనుండి కాపాడుకొనుటకు పిల్లి, పిల్లికి పాలకోసం ఆవు, ఆవును మేపుటకు మనిషి, చివరకు సంసారం. దేశాలు వేరైనా మనిషి చిక్కుకునే ఉచ్చు ఒక్కటే.

లోకమంతా ఉన్న వంశం

మెక్‌మానస్ ఆకాశంనుండి ఊడిపడలేదు. ఆయనకు ముందు ఇంగ్లండులో జెరోమ్ కె. జెరోమ్ ఉన్నాడు. 1889లో ముగ్గురు మిత్రులను, ఒక కుక్కను పడవనెక్కించి థేమ్సునదిమీద పంపినాడు. డబ్బా తెరిచే పరికరం మరచిపోయి, ముగ్గురూ కలిసి అనాసపండు డబ్బాతో చేసిన యుద్ధం లోకప్రసిద్ధం. అమెరికాలో మార్క్ ట్వేన్ ఉన్నాడు. పడమటి ఎడారులలో, వెండిగనుల దగ్గర తాను పడిన పాట్లను 1872లో గ్రంథంగా వ్రాసి దేశాన్ని నవ్వించినాడు.

మనకూ ఉన్నాడు పార్వతీశం. మొగల్తూరునుండి బారిష్టరు చదువుకు బయలుదేరి, దొరసానులు పెట్టుకునే టోపీ కొని నెత్తిన పెట్టుకున్న ఆ అమాయకుని తెలుగువారు మరువగలరా? అతనిని సృష్టించిన మొక్కపాటి నరసింహశాస్త్రి స్వయంగా ఎడిన్‌బరోలో చదివివచ్చినవాడు. విదేశంలో కొత్తవాడు పడే తికమక ఆయనకు పుస్తకజ్ఞానం కాదు. విదేశీయాత్రలు చేసిన తెలుగువారు ఆ కాలంలో మరికొందరున్నారు. కాని తన తెలివితక్కువను ముందుపెట్టి నవ్వించిన పార్వతీశమే ఇంటింటి మనిషి అయినాడు. మెక్‌మానస్ అడవిలో చేసినది, మొక్కపాటి ఓడలోను, రైలులోను చేసినాడు. ఇద్దరి రహస్యమూ ఒక్కటే: ఇల్లు వదలిన మనిషి కొంతసేపు పసివాడౌతాడు. ఆ పసితనాన్ని సిగ్గుపడక చెప్పినవాడు హాస్యరచయిత.

తరగతిగదిలో

ఈ కథనుండి మన పాఠశాలలు తీసుకోదగిన ఫలమేమి? ప్రతి సంవత్సరం విద్యార్థులు విహారయాత్రకు పోతారు. తిరిగివచ్చిన తరువాత ‘మా విహారయాత్ర’ అని వ్యాసం వ్రాస్తారు. వ్యాసాలన్నీ ఒక్కతీరుగానే ఉంటవి. ఉదయం బస్సు ఎక్కినాము, కోట చూచినాము, భోజనం చేసినాము, ఆనందంగా ఇల్లు చేరినాము. నలభై మంది పిల్లలు నలభై యాత్రలు చేసి ఒకే వ్యాసం వ్రాస్తారు. వారికి భాష రాక కాదు. చెప్పదగినది ఏదో వారికి ఎవరూ చూపలేదు.

దారిలో చెప్పు తెగినవాడు ఆ సంగతి వ్యాసంలో వ్రాయడు, అది అవమానమనుకుంటాడు. తెచ్చుకున్న చిత్రాన్నం కోతి ఎత్తుకుపోయిన పిల్ల ఆ సంగతి వ్రాయదు. అది వ్యాసానికి తగదనుకుంటుంది. గండిలో పాపాగ్ని ఇసుకలో ఉంగరం పోగొట్టుకొని సాయంకాలందాక వెదకినవాడు ‘ఆనందంగా గడిపినాము’ అనే వ్రాస్తాడు. ఉపాధ్యాయుడు ఒక్కమాట అంటే చాలు: “బాగున్నది వద్దు; బాగులేనిది వ్రాయండి. మీరు పడిన పాటు వ్రాయండి.” ఆ మరునాడు వచ్చే నలభై వ్యాసాలు నలభై రకాలుగా ఉండకపోతే చూడండి!

ఇది కేవలం వ్యాసరచనకు చిట్కా కాదు. తన చెప్పు తెగిన సంగతిని పదిమందిలో నవ్వుతూ చెప్పగలిగిన పిల్లవానిని ఆ చెప్పు ఇక అవమానపరచలేదు. కరువుసీమలో పుట్టిన బిడ్డకు ఇంతకంటె విలువైన ఆయుధమేది? ఇతరుల లేమిని చూచి నవ్వడం క్రూరత్వం. తన లేమిని తాను నవ్వుతూ చెప్పడం ధైర్యం. ఈ రెంటికీ భేదం నేర్పవలసినది బడిలోనే.

అంతమాత్రాన పిల్లలను ప్రమాదాలలోకి తోలాలని కాదు. గండికోట లోయ అంచు హాస్యమాడదు. వరద వచ్చిన పాపాగ్ని పరిహాసం ఎరుగదు. మెక్‌మానస్ కూడ 1979లో పిల్లలకోసం గుడార విహారాన్ని గూర్చి అక్షరక్రమంలో ఒక పుస్తకం వ్రాసినాడు. నవ్వించినా, నవ్వుల నడుమ తెలుసుకోవలసినవి చెప్పడం మానలేదు. 1907లో బేడెన్ పవెల్ బ్రౌన్‌సీ ద్వీపంలో బాలురతో తొలి స్కౌటు శిబిరం నడిపినప్పుడు కూడ ఉద్దేశం ఇదే: పెద్దల కనుచూపులో, పిల్లల చేతులతో, కొద్దిపాటి కష్టంతో రాత్రి గడపడం. పాఠశాల ఆవరణలోనే ఒక రాత్రి గుడారం వేసినా చాలు. తడిసిన కట్టెలు, మాడిన అన్నం, దోమలు, నక్కకూత. వీటికి ఖర్చేమీ లేదు.

చివరి నవ్వు

మెక్‌మానస్ రచన ముదిమిలోను ఆగలేదు. డెబ్బదియేండ్లు దాటిన తరువాత 2006లో తన స్వస్థలాన్ని పోలిన కల్పితసీమలో షెరీఫు కథానాయకుడుగా అపరాధపరిశోధన నవలలు మొదలుపెట్టినాడు. అక్క పాట్రీషియాతో కలిసి వంటల పుస్తకమొకటి వ్రాసినాడు. ఇంటిలో ఏది ఉంటే అది వేసి వండుకునే పులుసు పేరే ఆ పుస్తకానికి పేరు. లేమిలో తల్లి పెట్టిన తిండిని ఆ అక్కాతమ్ముళ్ళు మరువలేదు. దానిని చూచి సిగ్గుపడనూ లేదు. ఆయన కథలను ఒకే నటుడు రంగస్థలంమీద పాత్రలన్నీ తానే అయి ప్రదర్శిస్తుంటే జనం నవ్వి నవ్వి అలసిపోయేవారు. 2018 ఏప్రిల్ 11వ తేదీన, ఎనుబదినాలుగవ యేట, స్పోకేన్ నగరంలో ఆయన కన్నుమూసినాడు.

అడవిని చూచి కవులు సౌందర్యం పాడినారు. వేటగాండ్రు పౌరుషం చెప్పినారు. మునులు శాంతిని వెదకినారు. మెక్‌మానస్ అక్కడ వానకు తడిసి, చలికి వణకి, దారి తప్పి, తిరిగివచ్చి నవ్వినాడు. పగలంతా పనిచేసి అలసిన మనిషికి ఆ నవ్వు ఇచ్చిన సేద సామాన్యమైనది కాదు.

ఈ రాత్రి కూడ పులివెందుల పొలాలలో ఎవడో ఒక కుర్రవాడు తాతతో కలిసి మంద కావలి పడుకొని ఉంటాడు. గొంగడిలో చీమలు దూరి ఉంటవి. తాత ఏదో కోత కోస్తూ ఉంటాడు. కుర్రవాడు నిద్రరాక తిట్టుకుంటూ ఉంటాడు. సోమవారం బడిలో వాని పంతులుగారు “నిన్న రాత్రి ఏమి జరిగిందిరా?” అని అడిగి, చెప్పినదానిని చెప్పినట్లే వ్రాసుకొని రమ్మంటే, కడపసీమకు ఒక హాస్యరచయిత లభించవచ్చును.